లంగరు అందేదాకా

డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ మీద శిక్షణలో ఉన్న ఆఫీసర్‌గా, చేరిన కొత్తలో మా చీఫ్ ఆఫీసర్ నన్ను ఫోక్సల్ మీద, అంటే ఓడ ముక్కు దగ్గరి డెక్ మీద, నిలబెట్టి ఓ లెక్క అడిగారు. సరుకుతో కలిపి మన ఓడ ఎనభై వేల టన్నుల పైమాటే, లంగరు చూస్తే ఏడు టన్నులు, ఇంత ఓడని అది ఎలా ఆపుతుంది? నేను నోరు తెరిచేలోపే "బరువుతో అని మాత్రం అనకు" అని ముందరికాళ్లకు బంధం వేశారు.

జవాబు గొలుసులో ఉంది. మా గొలుసు కడ్డీ మందం 78 మిల్లీమీటర్లు. 27.5 మీటర్ల పొడవును ఒక షాకిల్ అంటాం, పాత కొలతలో 15 ఫాదమ్‌లు. ఆ ఒక్క షాకిలే మూడున్నర టన్నులు దాటి తూగుతుంది. రెండు షాకిళ్లు వదిలితే ఇంకో లంగరంత బరువు నీళ్లలోకి దిగినట్టే. అంత గొలుసూ అడుగున పడుకుని ఉంటేనే లంగరు మీద లాగుడు నేలబారుగా పడుతుంది. అలా లాగినప్పుడు దాని కొమ్ములు నాగలి కర్రులా బురదలోకి దిగబడతాయి. గొలుసు చాలక లాగుడు పైకి తిరిగిందంటే అవే కొమ్ములు పెళ్లగించుకుని వచ్చేస్తాయి. నీటి లోతుకు ఆరు నుంచి పది రెట్ల గొలుసు వదలాలనడం అందుకే.

ఇంగ్లిషులో "ఆయన నా జీవితానికి యాంకర్" అని ఎవరైనా ఎవరినైనా మెచ్చుకుంటే ఓడ మీద పనిచేసేవాళ్లకి కాస్త నవ్వొస్తుంది. ఆ మెప్పులో సగం గొలుసుకి రావాలి మరి. మనవాళ్ల దగ్గర ఈ మాట దారి ఇంకోటి. నాకు యాంకర్ డ్యూటీ పడిందని ఫోన్‌లో చెబితే మా పిన్ని "ఏ చానెల్లోరా?" అంది.

ఆ డ్యూటీలో మొదటి పని లంగరును సిద్ధం చేయడం. గొలుసును దించి ఎత్తే యంత్రం విండ్లాస్. దానికి కరెంటు ఇమ్మని ఇంజన్ రూమ్‌కి కబురు. గేరు వేసి, బిగించి ఉన్న తాళ్లు విప్పి, గొలుసుకు అడ్డంగా పడుకున్న బరువైన ఇనుప కడ్డీ ఎత్తి, బ్రేకు వదిలి, నెమ్మదిగా గేరు మీదే దించాలి. ఆరోజు లోతు పాతిక మీటర్లు. అంత ఎత్తు నుంచి ఒక్కసారిగా వదిలేస్తే గొలుసు వేగం పుంజుకుంటుంది, ఇక ఏ బ్రేకూ పట్టలేదు. అందుకని అడుగుకి కొన్ని మీటర్ల పైదాకా గేరు మీద దించి, బ్రేకు గట్టిగా బిగించి, గేరు తప్పించాం. ఇప్పుడు అంత బరువునీ పట్టుకుని ఉన్నది ఆ బ్రేకు పట్టీ ఒక్కటే. మా బోసన్, అంటే డెక్ పనివాళ్ల మేస్త్రీ, బ్రేకు చక్రం మీద చేయి వేసి నావైపు చూశాడు. దుమ్ము పడకుండా కళ్లద్దాలు పెట్టుకున్నానా, గొలుసు వరసలో ఎక్కడైనా నిలబడ్డానా అని ఆ చూపు.

ఓడని నడిపే గది అయిన బ్రిడ్జి నుంచి వాకీటాకీలో కెప్టెన్ గొంతు: "లెట్ గో!"

బోసన్ చక్రం తిప్పాడు. ఆ తర్వాత కాసేపు ఏ మాటా వినపడలేదు. కాళ్ల కింద డెక్కు దడదడలాడింది. గొలుసు గదిలో ఎండిపోయిన బురదా, తుప్పూ ఎర్రటి దుమ్మై లేచి మా మొహాల మీద పడ్డాయి. బ్రేకు నుంచి కాలిన వాసన. బోసన్ మాత్రం గొలుసుని ఒకేసారి పోనివ్వకుండా కొంచెం వదిలి, పట్టి, మళ్లీ వదిలాడు. అంతా ఒకేచోట కుప్పగా పడితే అది లంగరుకే చుట్టుకుంటుంది. ఓడ మెల్లగా వెనక్కి జరుగుతుంటే గొలుసు అడుగున బారుగా పరుచుకోవాలి.

ఎన్ని షాకిళ్లు పోయాయో చెప్పడం నా పని. ఒక పొడవుని ఇంకోదానికి కలిపే లింకుని జాయినింగ్ షాకిల్ అంటాం. దానికి అటూ ఇటూ ఎన్నో లింకుకి తెల్ల రంగు ఉందో చూసి చెప్పాలి. మూడో లింకు తెల్లగా ఉంటే మూడో షాకిల్ అన్నమాట. దుమ్ములో రంగు కనబడక తప్పిపోవచ్చని, తడిమి చూసుకునేందుకు అదే లింకు మధ్య కడ్డీకి తీగ కూడా చుట్టి ఉంచుతారు. దాంతోపాటు గొలుసు ఎటు లాగుతోందో గడియారం ముల్లు లెక్కన చెప్పాలి: పన్నెండు గంటల వైపు, రెండు గంటల వైపు అని. ఓడ కింద ఏం జరుగుతోందో కెప్టెన్‌కి కనబడదు. ఆయనకి కళ్లు మేమే.

ఆరు షాకిళ్ల దగ్గర బ్రేకు బిగించారు. పని అయిపోలేదు, ఇక్కడే అసలు చూడాల్సింది ఉంది. గొలుసు మెల్లగా ముందుకి సాగి, నీటి మీదికి లేచి, కర్రలా బిగుసుకుంది. కాసేపు అలాగే ఉండి, తన బరువుతోనే ఓడని కాస్త ముందుకి లాక్కుని వదులైంది. అది జరిగితే ఓడ "బ్రాట్ అప్" అయినట్టు, లంగరు పట్టినట్టు. బిగుసుకుని, కుదుపుతూ, మళ్లీ బిగుసుకుంటే పట్టలేదని అర్థం. బోసన్ నా చేయి తీసుకెళ్లి గొలుసు మీద పెట్టించాడు. ఏ అదురూ లేదు. లంగరు అడుగున ఈడ్చుకుపోతుంటే ఆ వణుకు లింకుల వెంట చేతిదాకా వస్తుందట. విషయం బుర్రకెక్కకపోతే "నాకు లంగరు అందలేదు" అంటాం కదా, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్లు ఎప్పుడో ఒకసారి ఇలా గొలుసు మీద చేయి వేసే ఉంటారనిపించింది.

లంగరు వేసి ఉన్నామని మిగతా ఓడలకి తెలిసేలా ముందు భాగంలో నల్ల గుండు ఎత్తాం. రాత్రయితే దాని బదులు తెల్ల దీపం, వెనక కాస్త కిందగా ఇంకోటి, వంద మీటర్లు దాటిన ఓడైతే డెక్కు మీద లైట్లు కూడా. తర్వాత చార్టు మీద లంగరు పడ్డచోట చుక్క పెట్టి, చుట్టూ వృత్తం గీశాం. గాలికీ పోటుకీ ఓడ ఎటు తిరిగినా ఆ గీత లోపలే ఉండాలి.

ఆ రాత్రి వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, సెకండ్ ఆఫీసర్ ఒక సంగతి చెప్పాడు. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగం గురించి రాశారు. అంకెల చక్రం తిప్పుతారు. అది 10 మీదో 65 మీదో ఆగేలా ముందే కట్టి ఉంచారు. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమని తర్వాత అడిగారు. 10 చూసినవాళ్ల జవాబు మధ్యస్థంగా 25, 65 చూసినవాళ్లది 45. ఆ చక్రానికీ ఆ ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదు. ముందు కంటపడిన అంకె చుట్టూనే ఊహ తిరగడాన్ని వాళ్లు యాంకరింగ్ అన్నారు. చార్టు మీది వృత్తం ఎదురుగా పెట్టుకుని వింటే ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో తెలుస్తుంది. కొత్త పదాలు పుట్టించేవాళ్లు సముద్రం దగ్గర తెచ్చుకున్న అప్పుల్లో నాకు నచ్చింది ఇదే. షాపింగ్ మాల్‌లో పెద్ద దుకాణాన్ని యాంకర్ స్టోర్ అనడం కూడా ఉంది గానీ, అందులో పట్టు లేదు.

వాచ్‌లో ఊరికే కూర్చోవడం ఉండదు. అలారం మోగుతుందని జీపీఎస్‌ని నమ్ముకోకుండా గట్టు మీది గుర్తుల దిశలు మళ్లీ మళ్లీ చూస్తుండాలి. ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ రేవు బయట బొగ్గు కోసం ఆగిన పాషా బల్కర్ అనే ఓడ, 2007 జూన్ 8న తుఫానులో బీచికి కొట్టుకొచ్చింది. గాలి పెరిగేటప్పుడు ఇంకో షాకిల్ వదలాలా, లంగరెత్తి సముద్రం లోపలికి పోవాలా అన్నది పొద్దుండగానే తేల్చుకోవాలి.

లంగరెత్తడం నిదానమైన పని. విండ్లాస్ నిమిషానికి తొమ్మిది మీటర్ల లెక్కన లాగుతుంది. బురద పట్టిన లింకులని నీళ్ల పైపుతో కడుగుతూ నిలబడాలి. గొలుసు నిట్టనిలువుగా వచ్చాక లంగరు నేల వదులుతుంది, మోటారు మీద భారం తగ్గి దాని శబ్దం మారిపోతుంది. "యాంకర్ అవే" అని బ్రిడ్జికి చెప్పి, గుండు దించేశాం.

లైసెన్సు మౌఖిక పరీక్షలో ఎగ్జామినర్ అడిగింది సరిగ్గా ఈ క్షణం గురించే. లంగరు నేల వదిలింది, ఇంజన్ ఆగి ఉంది, ఓడ అంగుళం కదలడం లేదు. నిబంధనల లెక్కన ఓడ అండర్‌వే, అంటే ప్రయాణంలో ఉన్నట్టు, అవునా, కాదా? లంగరు వేసి లేదు, గట్టుకి కట్టి లేదు, నేలకి తాకి లేదు కాబట్టి అవును అన్నాను. "మరి ఇప్పుడు ఏ లైట్లు వేస్తావు?" అంటూ ఆయన కాగితం తిప్పారు.