మా విండో ఏసీ, బోర్డులో లేని ఎర్త్

రెండేళ్ల కిందట మార్చి ఆఖర్లో, మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు, అద్దెకి ఉంటున్నాం. మాది పైపోర్షన్, నెత్తిన డాబా తప్ప ఇంకేమీ లేదు. సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చెయ్యి ఆన్చితే చురుక్కుమంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ ఈ గదిలో ఉగాది దాటితే చాలు, మనుషులు నిలవలేరు. వాకర్ పట్టుకుని నడిచే మనిషిని ఆ గదిలో పడుకోబెట్టి నేను ఆఫీసుకి వెళ్లలేకపోయాను. ఏసీ కొనాలనుకున్నాం.

స్ప్లిట్ కుదరలేదు. పైపుల కోసం గోడకి అవతలిదాకా బెజ్జం పెట్టడానికి ఇంటి ఓనరు గారు ఒప్పుకోలేదు, ఔట్‌డోర్ యూనిట్ పెట్టడానికి చోటూ లేదు. కిటికీ ఊచలు తీసి విండో ఏసీ పెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి ఇవ్వండి అన్నారు, అది న్యాయంగానే ఉంది. కొనే ముందు మేం చేసిన మంచి పని కిటికీ కొలతలు రాసుకుని షాపుకి వెళ్లడం. ఒకటిన్నర టన్ను ఏసీ దాదాపు 26 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు ఉంటుంది, లోతు అంతకన్నా ఎక్కువ, బరువు 50 కిలోల పైనే. మా గది పది బై పన్నెండు, మామూలుగా అయితే ఒక టన్ను సరిపోతుంది గానీ పైన ఎండ తగిలే శ్లాబు, పక్కన పడమటి గోడ కాబట్టి ఒకటిన్నర తీసుకున్నాం.

బిగించడానికి వచ్చిన కుర్రాడు ముప్పావు గంటలో పని ముగించాడు. కిటికీ గడప మీద రెండు చెక్కలు, వెనక కింద రెండు ఇటుకలు, పక్కన ఖాళీల్లో థర్మోకోల్ ముక్కలు. గదిలో కూలర్ కోసం ఎప్పుడో పెట్టిన పెద్ద పవర్ ప్లగ్ ఉంది, మూడు రంధ్రాలూ ఉన్నాయి, అందులో పెట్టేశాడు. చల్లగాలి వచ్చింది. అమ్మ ఆ రాత్రి ఆపరేషన్ తర్వాత మొదటిసారి తెల్లవారేదాకా కదలకుండా పడుకుంది.

మూడో రోజు పొద్దున గది తుడిచి, కాళ్లు ఇంకా తడిగా ఉండగానే, ఏసీ కింద కారిన నీళ్లు తుడుద్దామని వెళ్లాను. దాని పక్క రేకుకి వేలు తగిలితే జివ్వుమంది. పెద్ద షాకేం కాదు, చీమలు పాకినట్టు. చెయ్యి తీసేసి మళ్లీ ఒకసారి వేలి వెనక భాగంతో తాకి చూశాను (అలా అస్సలు చేయకూడదు, ఆ క్షణంలో తోచలేదు), మళ్లీ అదే. అప్పుడు నాకు అమ్మ వాకర్ గుర్తొచ్చింది. అల్యూమినియం వాకర్. రోజూ ఒక చెయ్యి దాని మీద, ఇంకో చెయ్యి ఏసీ మీద ఆన్చి బటన్ నొక్కుతోంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా వేళ్లు చల్లబడుతున్నాయి. వెంటనే స్విచ్ ఆపేసి, మెయిన్ కూడా దించేసి, మా వీధిలో నలభై ఏళ్లుగా వైరింగ్ పని చేసే బాబాయ్‌ని పిలిచాను.

ఆయన వచ్చి ఏసీ జోలికి వెళ్లలేదు, ముందు ప్లగ్గు చూశారు. టెస్ట్ బల్బు ఒక వైరు ఫేజ్‌లో (కరెంటు వచ్చే రంధ్రం), ఇంకోటి ఎర్త్ రంధ్రంలో (లీకైన కరెంటుని భూమిలోకి పంపేది) పెడితే బల్బు చక్కగా వెలిగింది. "వెలిగిందిగా బాబాయ్, ఎర్త్ ఉన్నట్టేగా?" అన్నాను. "వెలిగిందనే అనుమానం అమ్మా, ఈ ఇంటికి ఎర్త్ గొయ్యి నేనెప్పుడూ చూడలేదు" అంటూ బోర్డు విప్పారు. లోపల వేలెడు పొడవు వైరు ముక్కతో ఎర్త్ పిన్నునీ న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిపేసి ఉంది. ఎర్త్ వైరన్నదే అక్కడ లేదు. బల్బు పరీక్షకి పాస్ అవడానికి ఎప్పుడో ఎవరో చేసిన పని అది.

దాని వల్ల ఏం జరుగుతుందో ఆయన వివరంగా చెప్పారు, అందరికీ తెలియాల్సిన విషయం కాబట్టి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఏసీ రేకు శరీరం ఎర్త్ పిన్నుకి కలిసి ఉంటుంది. ఆ పిన్ను న్యూట్రల్‌కి కలిపితే, ఏసీ శరీరం న్యూట్రల్ వైరు అయిపోయినట్టే. మా వైరింగ్ పాత అల్యూమినియం, సన్నది, మధ్యలో ఒక జాయింటు వదులై నల్లబడి ఉంది. ఏసీ నడుస్తుంటే 7, 8 యాంపియర్ల కరెంటు ఆ సన్నటి దారిలోంచే తిరిగి వెళ్లాలి, వదులు జాయింటు దగ్గర వోల్టేజి నిలిచిపోయి రేకు మీదకి వస్తుంది, నాకు తగిలిన జివ్వు అదే. ఆ జాయింటు పూర్తిగా ఊడిపోయి ఉంటే 230 వోల్టులూ ఏసీ లోపలి మోటారు గుండా వచ్చి రేకు మీద కూర్చునేవి. అప్పుడు ఏసీ ఆగిపోతుంది, కరెంటు పోయిందేమో అనుకుని అమ్మ వెళ్లి దాని మీద చెయ్యి వేస్తుంది. ఆ పైన నేను వినలేకపోయాను, చాలు బాబాయ్ అన్నాను.

అందుకే, కొత్త ఏసీ కొనే ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఇదొక్కటే. ఏసీకి ఎన్ని స్టార్లు అన్నది తర్వాత, ముందు బోర్డు విప్పించి చూడండి. మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. బల్బు వెలిగినా ఉన్నట్టు కాదు. పరీక్షలు మీరు చేయొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన నిలబడి చేయించండి.

పని మొత్తం కొత్తగా చేయించాం. మీటరు బోర్డు నుంచి ఏసీకి వేరే లైను, 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, దానికి 20 యాంపియర్ల ఎంసీబీ, ఇంటి మొత్తానికి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. కరెంటు వెళ్లిన దారినే మొత్తం తిరిగి రాకపోతే, అంటే కొంత మనిషి గుండా భూమిలోకి పోతుంటే, క్షణంలో దించేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి, నొక్కితే పడిపోవాలి. కింద పెరట్లో గొయ్యి తవ్వి జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశారు. ఎండాకాలంలో ఆ గొయ్యి ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది, అందుకని వారానికి రెండు బకెట్లు పోస్తాం. పని అయ్యాక మీటరు పెట్టి చూపించారు: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 228 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2.

ఖర్చు ఏసీ ధరలో మూడో వంతు దాకా అయింది. ఓనరు గారు గొయ్యి, ఆర్‌సీసీబీ డబ్బులు తనే పెట్టుకున్నారు. మా మీటరు మీద శాంక్షన్ లోడు, అంటే మాకు మంజూరైన వాడకం, 1 కిలోవాట్ అని ఉంది, ఏసీ ఒక్కటే 1.6 లాగుతుంది, అందుకని ఆయన చేత సంతకం పెట్టించి లోడు పెంచమని కరెంటు ఆఫీసుకి అప్లికేషన్ పెట్టాం.

ఇక ఏసీని మళ్లీ దించి ఎక్కించడం. ఇటుకల మీద 50 కిలోల బరువు, కింద సందులో పిల్లలు ఆడుకుంటారు, అది కూడా నాకు నిద్ర పట్టనివ్వలేదు. వెల్డింగ్ షాపులో ఐరన్ యాంగిల్‌తో స్టాండు చేయించి గోడకి పెద్ద బోల్టులతో బిగించారు, ఏసీ కింద రబ్బరు పట్టీలు వేశారు, మోత చాలా తగ్గింది. ఎక్కించేటప్పుడు లోపల ఇద్దరు, బయట నిచ్చెన మీద ఒకరు, ఏసీకి తాడు కట్టి తాడు రెండో కొస మంచం కోడుకి చుట్టారు. కింద సందులోకి ఎవరూ రాకుండా మా ఆయన నిలబడ్డారు. రసమట్టం పెట్టి వెనక వైపు అర అంగుళం దిగువకి ఉండేట్టు చూశారు. మొదట కుర్రాడు సమంగా పెట్టడం వల్లే నీళ్లు గదిలోకి కారాయి. ఏసీ పక్కన, వెనక ఉండే గాలి కన్నాలు పూర్తిగా గోడ బయటే ఉండాలి, మాకు మొదట్లో సగం గోడలో ఇరుక్కున్నాయి, వేడి బయటికి పోక కంప్రెసర్ ఊరికే ఆగిపోయేది. ఖాళీలు థర్మోకోల్ బదులు ప్లైవుడ్ ముక్కలతో మూసి అంచులకి రబ్బరు స్పాంజి అంటించారు.

ఇంకో మాట, నడిచేటప్పుడు వెనక నీళ్లు చిలికినట్టు చప్పుడు వస్తే భయపడక్కర్లేదు. వెనక ఫ్యాను అడుగున చేరిన నీళ్లని తీసి వేడి కాయిల్ మీద చల్లుతుంది, చాలా విండో ఏసీల తయారీయే అంత. చప్పుడు వస్తోందని అడుగున బెజ్జం కొట్టించొద్దు.

వాడకం విషయానికొస్తే మేం 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను రెండులో తిప్పుతాం. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నియమం ఉంది, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. 18లో పెడితే గది తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందంతే. మాకు రాత్రికి 7, 8 యూనిట్లు అవుతోంది. సాయంత్రాలు మా వీధిలో వోల్టేజి 180కి పడిపోతుంది, ఆ వోల్టేజికి కంప్రెసర్ తిరగలేక మూలిగి వేడెక్కుతుంది, స్టెబిలైజర్ అందుకే కొన్నాం. ఆపాక మళ్లీ వేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి, లోపల గ్యాస్ ఒత్తిడి సమానం కావాలి కాబట్టి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అంతే. పొద్దున్నే ఏసీ వెంట్ (గది గాలి బయటికి పోయే సందు) మీట తెరిచి గది తలుపు కాసేపు తీసి ఉంచుతాం, తలుపులు వేసిన గదిలో సాంబ్రాణి, దోమల చక్రం వెలిగించం. కాలిన వాసన వస్తే ఏసీని తాకకుండా ఎంసీబీ దించెయ్యమని, నీళ్లు మాత్రం చల్లొద్దని అమ్మకి రెండు మూడు సార్లు చేసి చూపించాను. గంట నడిచాక ప్లగ్గు ప్లాస్టిక్ మీద పొడి చెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటైంది. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే లోపల వదులైనట్టే. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఏసీ పెట్టడం గురించి ఆలోచించను కూడా.

రెండో ఏడాది మే నెలలో ముందు కాయిల్ మీద ఐసు పేరుకుంది, గాలి ఆగిపోయింది. చాకుతో గీకితే లోపలి గొట్టం చిల్లిపడి గ్యాస్ అంతా పోవచ్చు, అందుకని కూలింగ్ ఆపి ఉత్త ఫ్యాను రెండు గంటలు తిప్పాం, కరిగిపోయింది. సర్వీసుకి వచ్చిన మనిషి చూడకుండానే "గ్యాస్ పట్టాలి మేడమ్, ఏటా పట్టించాల్సిందే" అన్నాడు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. "లీకు ఎక్కడుందో ముందు చూపించండి" అన్నాను. పైగా మా ఏసీలో గ్యాస్ ఆర్-32 రకం, మంట తగిలితే అంటుకునే స్వభావం కొంత ఉంది, పనులన్నీ కిటికీ తలుపులు బార్లా తీసి చేయాల్సిన రకం. అతను వెళ్లిపోయాడు. మరుసటి రోజు వేరే మెకానిక్ ఏసీని బయటికి లాగి చూస్తే లీకు లేదు, కాయిల్ నిండా దుమ్ము అట్ట కట్టి ఉంది, వెనక మూలన పిచ్చుక గడ్డి కూడా. అతని పని పద్ధతి నాకు నచ్చింది. ప్లగ్గు తీసి నా చేతికి ఇచ్చాడు. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుందని, దాన్ని డిశ్చార్జి చేసి మీటరుతో చూశాకే లోపల చెయ్యి పెట్టాడు. వైర్ల పెట్టెకి ప్లాస్టిక్ కవరు చుట్టి, అప్పుడు నీళ్లు కొట్టాడు. సర్వీసింగ్ చేయించేవాళ్లు ఈ మూడూ జరుగుతున్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో మనం చేసుకునేది ఫిల్టరు ఒక్కటే. పదిహేను రోజులకోసారి స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, జాలీని మామూలు నీళ్లలో కడిగి నీడలో ఆరబెడతాను. తడిగా పెట్టను. ఐసు మళ్లీ రాలేదు.

అమ్మ ఇప్పుడు వాకర్ లేకుండానే నడుస్తోంది. ఏసీ గోల తీరాక బాబాయ్ పోతూ పోతూ కింద పోర్షన్ వాళ్ల గీజర్ ప్లగ్గు కూడా మా బోర్డులో ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపిన మనిషి పెట్టిందేనేమో అన్నారు. ఓనరు గారితో చెబితే చూద్దాంలే అంటూ దాటవేస్తూ వచ్చారు. నిన్న నేనే కిందికి వెళ్లి అంతా చెప్పాక ఆ పోర్షన్ ఆవిడ గీజర్ మెయిన్ దించేసి, ఆదివారం బాబాయ్‌ని రమ్మని ఫోన్ చేశారు.