కడుపుతో ఉన్నప్పుడు ముఖానికి ఏమి రాసుకున్నాను, ఏమి మానేశాను: నా అనుభవం

గర్భం రాకముందు చాలాకాలంగా నేను మొటిమలకు రాత్రిపూట అడాపలీన్ జెల్ రాసుకునేదాన్ని. చర్మవైద్యురాలు రాసిచ్చిన మందే. పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజే ఆ ట్యూబు మూసేశాను. దిగులు మాత్రం అప్పుడే మొదలైంది. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే బిడ్డకు అవయవాలు ఏర్పడే ముఖ్యమైన కాలం సుమారు 5వ వారం నుంచి 10వ వారం వరకు. చాలామందికి విషయం తెలిసేసరికే అది మొదలై ఉంటుంది. నాకూ అంతే.

మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ట్యూబును సంచిలో వేసుకుని వెళ్లాను. డాక్టరు పేరు చదివి, "ఎంత రాసుకునేదానివమ్మా?" అని అడిగారు. బఠాణీ గింజంత అన్నాను. మింగే మాత్రకూ పైన రాసే జెల్‌కూ ఉన్న తేడాను ఆమె ఓపికగా వివరించారు. అడాపలీన్‌లాగే రెటినాయిడ్లు అనే, విటమిన్ ఎ సంబంధిత మందుల కుటుంబానికి చెందిన ఐసోట్రెటినోయిన్ మాత్రలు బిడ్డ గుండె, మెదడు, చెవులు ఏర్పడే తీరును తీవ్రంగా దెబ్బతీయగలవు. అమెరికాలో ఆ మాత్రల కోసం 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే ప్రత్యేక నమోదు పద్ధతి నడుస్తోంది. వాటిని వాడేవాళ్లు గర్భం దాల్చడానికి కనీసం నెల ముందే ఆపేయాలి. పైన రాసే జెల్ నుంచి రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. అయినా ఐరోపా ఔషధ సంస్థ 2018లో, ముందుజాగ్రత్తగా గర్భిణులు పైపూత రెటినాయిడ్లను కూడా వాడకూడదని చెప్పింది. "తెలిసిన రోజే ఆపేశావు, సరిపోయింది. ఇక దాని గురించి ఆలోచించకు" అని ఆవిడ ట్యూబును నా చేతిలో పెట్టారు. ఆ మాట నాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో చెప్పలేను. ఇదే భయంతో ఎవరైనా ఉంటే ఇంట్లో కూర్చుని కుమిలిపోకుండా, వాడిన ట్యూబు పట్టుకుని తమ డాక్టరు దగ్గరకు వెళ్లాలని నా కోరిక.

ఇంటికి వచ్చాక అలమారలోని సీసాలు, డబ్బాలు అన్నీ బల్ల మీద పెట్టి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే "సహజం", "మృదువు" వంటి మాటలు నాకు ఏమీ చెప్పలేదు. వెనక జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్న పదార్థం ముందు వస్తుంది, మిగతావి వరుసగా తగ్గుతూ వస్తాయి. నా రాత్రి క్రీములో రెటినిల్ పాల్మిటేట్ ఉంది. అదీ రెటినాయిడ్ కుటుంబమే. రెటినాల్డిహైడ్ కూడా అంతే. ఆ క్రీమును పక్కన పెట్టేశాను.

2 శాతం సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న ఫేస్‌వాష్‌ను మాత్రం డాక్టరు కొనసాగించమన్నారు. వెంటనే కడిగేసేది, మోతాదు తక్కువ. అదే ఆసిడ్‌తో పార్లర్లలో చేసే, చర్మం పైపొరను ఒలిచే గాఢమైన పీల్స్ వద్దన్నారు. గ్లిజరిన్, నయాసినమైడ్, విటమిన్ సి ఉన్నవి అలాగే ఉంచుకున్నాను. మొటిమలకు అడాపలీన్ బదులు అజెలాయిక్ ఆసిడ్ క్రీము రాసిచ్చారు. మొదట్లో కాస్త చురుక్కుమనేది, తర్వాత అలవాటైంది. ఇంకో సంగతి: గతంలో మొటిమలకు వాడగా మిగిలిన డాక్సీసైక్లిన్ మాత్రలు చాలా ఇళ్లలో మందుల డబ్బాలో పడి ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు అవి ముట్టుకోకూడదు. ఆ తరగతి మందులు బిడ్డకు రాబోయే పళ్లకు రంగు మరకలు తెస్తాయి.

ఐదో నెలలో మంగు వచ్చింది. ముందు బుగ్గల మీద, తర్వాత పై పెదవి మీద. గర్భంలో పెరిగే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రంగు తయారుచేసే కణాలను ఉసిగొల్పుతాయి, ఎండ వాటికి తోడవుతుంది. విజయవాడలో వేసవి, రోజూ స్కూటరు మీద బడికి ప్రయాణం. నా ముఖం చూసిన ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇచ్చారు. వాళ్లందరిదీ ప్రేమే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ సలహాల్లో రెండింటికి నేను గట్టిగానే కాదన్నాను.

మొదటిది మందుల షాపులో అడిగితే ఇచ్చేసే ట్యూబు. మా వదిన తెచ్చింది. "పది రోజుల్లో ముఖం తేటగా అవుతుంది, నేనూ వాడాను" అంది. తిప్పి చూస్తే మూడు పేర్లు: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్. హైడ్రోక్వినోన్ చర్మం మీద రాస్తే మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, శరీరంలోకి వెళ్తుంది. పైపూత మందుల్లో అది చాలా ఎక్కువ. ట్రెటినోయిన్ నేను మానేసిన జెల్‌కు దగ్గరి చుట్టం. మోమెటాసోన్ స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు అమ్మకుండా కేంద్రం 2018లో వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ట్యూబు మీద ఎర్ర గీత ఉన్నది అందుకే. కాయగూరలు కొన్నంత తేలికగా అది దొరకడం నాకు కోపం తెప్పించింది, ఇప్పటికీ తెప్పిస్తోంది. నెలల తరబడి రాసుకున్నవాళ్లకు చర్మం పలచబడి, ఎర్రబడి, మానేయగానే మొటిమలు విరుచుకుపడతాయి. వదినకు ఆ మూడు పేర్లూ చదివి వినిపించాను. ఆవిడ కూడా వాడటం మానేసింది.

రెండోది పార్లరులో చిన్న తెల్ల డబ్బాలో పెట్టి ఇచ్చే క్రీము. పేరు లేదు, తయారీదారు చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు. రంగు తెల్లబరిచే ఇలాంటి క్రీముల్లో పాదరసం ఉండవచ్చు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లను పరిశీలించిన వైద్యులు ఈ క్రీములతో సంబంధాన్ని గుర్తించారు. పాదరసం మాయను దాటి బిడ్డను చేరుతుంది. పొరపాటున కలిసినా పది లక్షల్లో ఒక వంతు మించకూడదని మన సౌందర్య సాధనాల నియమాలు చెబుతున్నాయి, కంటి చుట్టూ వాడేవాటికి తప్ప. పేరే లేని డబ్బాలో ఎంతుందో ఎవరు చెప్పగలరు? లేబుల్ లేని డబ్బా నా ముఖం దాకా రాకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను. నాకు బాగా ఉపయోగపడిన నియమం అదే.

మంగుకు నేను నిజంగా చేసింది ఒక్కటే, ఎండను అడ్డుకోవడం. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్ చర్మం ద్వారా రక్తంలోకి చేరుతుందని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశోధకులు చూపించారు. దాని వల్ల హాని జరిగిందని తేల్చలేదు. వేరే దారి ఉండగా అది ఎందుకని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నది ఎంచుకున్నాను. మొదట కొన్నది బూడిద పూసినట్టు తెల్లగా కనిపించింది. తర్వాత ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగుది తీసుకున్నాను. అదే మేలైంది కూడా, ఎందుకంటే మంగును పెంచేది అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. దాన్ని ఆపేది ఈ ఐరన్ ఆక్సైడే. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్లీ రాసుకునేదాన్ని. స్కూటరు మీద చున్నీ కట్టుకునేదాన్ని. మంగు పోలేదు, కానీ అక్కడితో ఆగింది.

ఇంటి వస్తువుల దగ్గర మాట కాస్త జాగ్రత్తగా ఎత్తాల్సి వచ్చింది. పెసరపిండితో చేసిన సున్నిపిండికి ఎవరికీ అభ్యంతరం లేదు. పసుపు విషయంలో అత్తయ్య నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. రంగు కోసం పసుపులో సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది, సీసం కూడా మాయను దాటుతుంది. "పసుపు మానేద్దామని కాదు అత్తయ్యా, కొమ్ములు కొని పట్టిద్దాం" అన్నాను. "మా అమ్మ ఎప్పుడూ అలాగే పట్టించేది" అని ఆవిడే దుగ్గిరాల కొమ్ములు తెప్పించారు. కళ్లకు పెట్టుకునే సుర్మాను పూర్తిగా వద్దనుకున్నాను, చాలా రకాల్లో ప్రధానంగా ఉండేది లెడ్ సల్ఫైడే.

సీమంతానికి తెనాలిలోని పుట్టింట్లో పెరటి గోరింటాకు రుబ్బి పెట్టారు. నల్లగా, నిమిషాల్లో పండే కోన్లు వద్దని అమ్మకు ముందే చెప్పాను. అసలు గోరింటాకు నారింజరంగులో మొదలై ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. వెంటనే నల్లగా పండేవాటిలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలిపి ఉంటుంది, అది చర్మాన్ని బొబ్బలెక్కించగలదు. గంధం సాన మీద తీశారు. వేడుకలో నాకు లోటేమీ అనిపించలేదు. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందని పెద్దవాళ్లు గ్లాసు అందించారు. రుచి బాగుందని తాగాను. నా బిడ్డ ఏ రంగులో పుట్టినా నాకు సంతోషమేనని అక్కడే చెప్పాను.

చివరి నెలల్లో పొట్ట మీద దురదకు కొబ్బరినూనె హాయినిచ్చింది. చారలు పడటాన్ని మాత్రం ఏ నూనే ఆపలేదు, ఆపుతుందన్న క్రీములకు డబ్బు పోయనూ లేదు. అయితే ఒక రాత్రి అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టాయి, దద్దుర్లు ఏవీ లేవు. ఇది దయచేసి ప్రతి గర్భిణీ గుర్తుపెట్టుకోవాలి: ఇలాంటి దురద చర్మానిది కాకపోవచ్చు, కాలేయానిది కావచ్చు. పిత్తరసం సరిగా పారక రక్తంలో పేరుకునే కొలెస్టేసిస్ అనే స్థితి అది. రక్తంలో పిత్తరస ఆమ్లాలు లీటరుకు 100 మైక్రోమోల్స్‌కు చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది. ఉదయాన్నే వెళ్తే డాక్టరు ఆ పరీక్ష, కాలేయ పరీక్షలు చేయించారు. నాకు అన్నీ మామూలుగా వచ్చాయి. ఆ రాత్రి లోషన్ రాసుకుని ఊరుకోనందుకు డాక్టరు నన్ను మెచ్చుకున్నారు.

పాప పుట్టింది. మంగు కొద్దికొద్దిగా పలచబడుతోంది, పై పెదవి మీద ఇంకా ఉంది. డాక్టరు నెలల సమయం పడుతుందన్నారు. పాలిస్తున్నాను కనుక అజెలాయిక్ ఆసిడ్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడుతున్నాను. పాప చెంప నా చెంపకు తగులుతుంది కాబట్టి పాలు పట్టాకే రాసుకుంటాను, రొమ్ము మీద ఏదీ రాయను. అడాపలీన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పాప పాలు మానాక చర్మవైద్యురాలిని అడుగుతాను. పాత ట్యూబుకు అప్పటికి గడువు తీరిపోతుంది, అందుకే పారేశాను.