బొగ్గు దిగిన దారిలో సైకిల్ మీద

అమెరికాలో కంబర్లాండ్, పిట్స్‌బర్గ్ ఊళ్ళ మధ్య పాత రైలుదారి మీద సైకిల్ తొక్కామంటే, ఆ దారి తెలిసినవాళ్ళు మొదట అడిగేది "ఎటునుంచి ఎటు?" అని. ఆ ప్రశ్నలో అర్థముంది. గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ అనే ఈ దారి పొడవు 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు. పిట్స్‌బర్గ్ నుంచి వస్తే ఎక్కుడు ఉందో లేదో అన్నట్టుంటుంది. కంబర్లాండ్ నుంచి మొదలుపెడితే మాత్రం మొదటి 24 మైళ్ళు ఒకటే ఎక్కుడు. మేము కంబర్లాండ్‌నే ఎంచుకున్నాం. ఎందుకంటే అటునుంచి వస్తే ముందు కొండ, తర్వాత బొగ్గు గనులు, ఆ తర్వాత బొగ్గును కొలిమికి పనికొచ్చే కోక్‌గా కాల్చే బట్టీలు, చివర ఉక్కు కర్మాగారాలు వస్తాయి. కొండలో తవ్విన బొగ్గు కొలిమిదాకా ఎలా చేరిందో అదే వరసలో చూడాలని నా కోరిక.

కంబర్లాండ్ మేరీల్యాండ్ రాష్ట్రంలో పొటోమాక్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పాత వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే స్టేషన్ దగ్గరే దారి మొదలవుతుంది. దాని పక్కనే చీసపీక్ అండ్ ఒహాయో కాలువ ముగుస్తుంది. ఈ కాలువకూ, బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గానికీ 1828 జూలై 4న, ఒకే రోజున శంకుస్థాపన జరిగింది. రెండింటి గురీ కొండలు దాటి ఒహాయో నది చేరడమే. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ చేరేసరికి 1850 అయింది, ఇక అక్కడినుంచి ముందుకు పోలేదు. గెలిచినవాడి దారి మీద కాదు గానీ, గెలిచినవాడి పోటీదారు వేసిన దారి మీద మా ప్రయాణం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఊరు దాటగానే కొండ రెండుగా చీలినట్టు ఒక ఇరుకు కనుమ వస్తుంది. నారోస్ అంటారు. 1811లో కంబర్లాండ్ నుంచి పని మొదలైన నేషనల్ రోడ్, వాగు, పట్టాలు, మా సైకిల్ దారి అన్నీ ఆ సందులోంచే పోవాలి. ఫ్రాస్ట్‌బర్గ్ దాకా పక్కన పట్టాలు ఇంకా ఉన్నాయి, వాటిమీద పర్యాటకుల రైలు నడుస్తుంది. ఫ్రాస్ట్‌బర్గ్ దాటాక పట్టాలు ఉండవు. మెత్తగా నూరిన సున్నపురాయి పరిచిన దారి ఒక్కటే.

నాతో వచ్చిన మిత్రుడు సివిల్ ఇంజనీర్. ఎక్కుడు మొదలైనప్పటినుంచీ ఆయన చూపంతా దారి పక్కల మీదే. "కొండ ఎక్కుతున్న సంగతి రైలుకు తెలియకూడదండీ. అదీ వీళ్ళ లెక్క" అన్నాడు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. రోడ్డు ఎక్కే ఎత్తు రైలు ఎక్కలేదు. అందుకే ఇంత కొండ మీద కూడా దారి వాలు ఎక్కడా నూటికి రెండడుగులు దాటదు. గుట్ట అడ్డమొస్తే కోసేశారు, పల్లం వస్తే కట్ట పోసి పూడ్చారు, రెండూ కుదరకపోతే వంపు తిప్పారు. కారులో పోయేవాళ్ళకు ఇది కనపడదు. సైకిల్ మీద కాళ్ళకే తెలిసిపోతుంది. గంటల తరబడి ఒకే గేర్‌లో, ఒకే బరువుతో తొక్కుతూ ఉంటే, వందేళ్ళ కిందట ఈ వాలును గీసిన చేతి నేర్పు మోకాళ్ళకు అందుతుంది. పాత రైలుదారుల మీద సైకిల్ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

దారి పక్కన పొదల్లో అక్కడక్కడా డబ్ల్యూ అక్షరం ఉన్న పొట్టి స్తంభాలు కనిపించాయి. ముందు రోడ్డు దాటు వస్తోంది, విజిల్ వెయ్యమని డ్రైవర్‌కు గుర్తు అది. ఒకదాని దగ్గర ఆగి నాచు గీకి చూశాను. అక్షరం అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. చాలాచోట్ల రోడ్డు దాటు ఇప్పటికీ ఉంది. విజిల్ వేసేవాడే లేడు.

శిఖరానికి కాస్త ముందు మేసన్-డిక్సన్ రేఖ వస్తుంది. 1763 నుంచి 1767 వరకు చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ కొలిచిన సరిహద్దు ఇది. పెన్, కాల్వర్ట్ కుటుంబాల భూమి తగాదా తీర్చడానికి గీసిన గీత, తర్వాతి కాలంలో బానిసత్వం ఉన్న రాష్ట్రాలకూ లేని రాష్ట్రాలకూ మధ్య హద్దుగా జనం నోట నిలిచింది. దారి మీద గుర్తు రాళ్ళు పెట్టారు. సైకిల్ ముందు చక్రం పెన్సిల్వేనియాలో, వెనక చక్రం మేరీల్యాండ్‌లో పెట్టి ఫొటో తీసుకోనివాళ్ళు ఉండరేమో. మేమూ తీసుకున్నాం.

ఆ వెంటనే బిగ్ శావేజ్ టన్నెల్. పొడవు 3,294 అడుగులు, ఒక కిలోమీటరు. లోపల లైట్లున్నా అటు చివర వెలుగు మొదట చుక్కలా కూడా కనపడదు. బయట చెమటలు పట్టించిన ఎండ, లోపల అడుగు పెట్టగానే ఒళ్ళు జలదరించే చలి. పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. ఆ నీళ్ళు గడ్డకడితే గోడలు పగులుతాయని చలికాలమంతా రెండు వైపులా తలుపులు మూసేస్తారు. ఏప్రిల్ దాకా తెరవరు కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోవాలి.

టన్నెల్ దాటాక 2,392 అడుగుల ఎత్తున దారికంతటికీ శిఖరం. ఇటు పడ్డ వాన పొటోమాక్ మీదుగా అట్లాంటిక్‌కు పోతుంది. అటు పడ్డది కాసెల్‌మన్, యాక్యగేనీ, మోనంగహేలా, ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది. ఇక్కడినుంచి పిట్స్‌బర్గ్ దాకా నీళ్ళతోపాటు మేమూ కిందికే.

మయర్స్‌డేల్ దగ్గర శాలిస్‌బరీ వయాడక్ట్ మీద చాలాసేపు ఆగాం. 1,908 అడుగుల పొడవున లోయకు అడ్డంగా నిలబడ్డ ఉక్కు వంతెన. కింద నది, పొలాలు, పెద్ద రోడ్డు, వాటితోపాటు రైలు పట్టాలు. మేము ఉండగానే ఆ పట్టాల మీద పొడుగాటి గూడ్సు పోయింది. ఇందాక చెప్పిన పోటీ కథ ఇక్కడ కళ్ళముందే ఉంది. కింద ఉన్నది పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో వాళ్ళ దారి, 1871 నుంచి రైళ్ళు నడుస్తున్నది. వెస్టర్న్ మేరీల్యాండ్ కంపెనీ ఆలస్యంగా, 1912లో, అదే లోయలో మరో దారి వేసింది. చివరికి రెండు కంపెనీలూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఒకే లోయకు రెండు దారులెందుకని 1975లో దీన్ని మూసేశారు. పై వంతెన మీద సైకిళ్ళు, కింద రైళ్ళు. ఇంజనీర్ మిత్రుడు పై దారే బాగా కట్టారని వాదించాడు. కావచ్చు గానీ, ఒక దారి బతకాలంటే బాగా కట్టడం ఒక్కటే చాలదు.

రాక్‌వుడ్, కాన్‌ఫ్లూయెన్స్ ఊళ్ళు అందమైనవే, త్వరగా దాటేశాం. ఒహాయోపైల్‌లో జలపాతం హోరు దారిమీదికే వినిపిస్తుంది. 1754లో యువ సైనికాధికారిగా ఉన్న జార్జ్ వాషింగ్టన్ ఈ నది మీద పడవలు పోతాయేమో చూద్దామని వచ్చి, ఈ జలపాతం చూసి ఆ ఆలోచన మానుకున్నాడు. నది దారి ఇవ్వకపోబట్టే ఒడ్డు వెంట రైలు రావలసి వచ్చింది. ఈ మొత్తం సైకిల్ దారిలో మొదటి ముక్క 1986లో తెరిచింది కూడా ఒహాయోపైల్‌ దగ్గరే. పిట్స్‌బర్గ్ నడిబొడ్డు దాకా పూర్తయ్యేసరికి 2013 అయింది.

కనెల్స్‌విల్‌లో కథ మారుతుంది. అక్కడినుంచి కింద దారి పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ అనే వేరే కంపెనీది. ఊరు దాటిన కాసేపటికి చెట్ల మధ్య, గుట్టను ఆనుకుని, ఇటుక కమానుల వరస కనిపిస్తుంది. తెలియనివాళ్ళు ఏదో పాత గోడ అనుకుని పోతారు. అవి కోక్ బట్టీలు.

సైకిల్ దిగి ఒకదాని దగ్గరికి వెళ్ళాను. లోపల గోపురంలా గుండ్రంగా ఉంది, పైన మధ్యలో కన్నం. ఆ కన్నంలోంచి బొగ్గు పోసేవాళ్ళు. ముందు తలుపును ఇటుకలతో మూసి మట్టి మెత్తి, పైన సన్నటి సందు మాత్రం వదిలేవాళ్ళు. చాలీచాలని గాలిలో బొగ్గు రెండు మూడు రోజులు కాలుతుంది. అందులోని వాయువులు పోయి, గట్టి కోక్ మిగులుతుంది. అప్పుడు తలుపు ఇటుకలు పగలగొట్టి, నీళ్ళు కొట్టి, పొడుగాటి ఇనుప కర్రలతో చేత్తో లాగాలి. లోపలి ఇటుక మీద చెయ్యి పెట్టి చూశాను. ఆ వేడికి పైపొర కరిగి గాజులా నున్నగా అయిపోయింది, ముదురు గోధుమరంగులో మెరుస్తోంది. ఇటుకే కరిగే వేడి ముందు నిలబడి రోజుకో బట్టీ, రెండు బట్టీలు లాగిన మనుషులు ఉండేవాళ్ళు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇలాంటి బట్టీలు 30,000కు పైగా మండేవి. ఇక్కడి బొగ్గుతో చేసిన కోక్‌కు దేశంలో సాటి లేదని పేరు. ఈ వ్యాపారంతోనే హెన్రీ క్లే ఫ్రిక్ పైకొచ్చాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, దారి చివర మళ్ళీ వస్తుంది.

నది వెంట ఇంకా కిందికి పోతే విట్‌సెట్ లాంటి ఊళ్ళు, ఒకే అచ్చులో పోసినట్టు వరస ఇళ్ళు. గని కంపెనీ కట్టించినవి. ఆ తర్వాత దారి పక్కన ఒక ఫలకం దగ్గర ఆగిపోయాం. డార్ గని అక్కడే ఉండేది. 1907 డిసెంబర్ 19న పేలుడు జరిగి 239 మంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. అంతకు రెండు వారాల ముందే వెస్ట్ వర్జీనియాలోని మొనంగాలో 362 మంది పోయారు. అమెరికా గనుల చరిత్రలో అంత ఘోరమైన నెల ఇంకోటి లేదు. డార్ గనిలో పనిచేసేవాళ్ళు చాలామంది హంగరీ వైపునుంచి వలస వచ్చినవాళ్ళు. ఆ రోజు పాత క్యాలెండర్ ప్రకారం సెయింట్ నికొలస్ పండుగ. పండుగని పనికి పోకుండా చర్చికి వెళ్ళినవాళ్ళు బతికారు.

విచారణలో తేల్చిందేమిటంటే, ముందురోజు మూసిన చోటికి కార్మికులు మంట దీపాలతో వెళ్ళడంవల్ల పేలిందని. కంపెనీది తప్పు కాదన్నారు. ఈ మాట చదివి నాకు చాలా కోపమొచ్చింది. వాయువు పేరుకునే గనిలోకి మంట దీపాలతో పంపడమే పద్ధతిగా నడిపినవాళ్ళను వదిలి, నోరు తెరవలేని చనిపోయినవాళ్ళ మీదికి నెట్టారు. గుర్తు పట్టలేని శవాలను దగ్గర్లోని ఆలివ్ బ్రాంచ్ శ్మశానంలో ఒకే గుంటలో పూడ్చారు. గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ, బ్యూరో ఆఫ్ మైన్స్, 1910లో గానీ రాలేదు. ఈ దారి పక్కన ఎవరైనా ఒక్కచోటే ఆగాలనుకుంటే ఇక్కడ ఆగమంటాను. వంతెనలు దూరంనుంచైనా కనిపిస్తాయి. ఈ మనుషులు ఆగితేనే తెలుస్తారు.

అక్కడినుంచి చాలాదూరం మేమిద్దరం మాట్లాడుకోలేదు. గుట్టల్లోంచి కారే నీళ్ళు కొన్నిచోట్ల నారింజ రంగులో ఉన్నాయి. మూసేసిన గనుల్లోంచి ఇనుము కలిసిన నీళ్ళు ఇంకా వస్తున్నాయి, రాళ్ళ మీద తుప్పు పొరలు పేరుకుంటున్నాయి.

మెకీస్‌పోర్ట్ దగ్గర యాక్యగేనీ మోనంగహేలాలో కలుస్తుంది. చెట్లు పోయి రోడ్లు, వంతెనలు, మధ్యమధ్య ఇప్పటికీ నడుస్తున్న పట్టాలు వస్తాయి. హోమ్‌స్టెడ్‌లో నది ఒడ్డునే, దారి పక్కనే, ఎర్ర ఇటుకల పంప్ హౌస్ ఉంది. 1892లో ఇక్కడి ఉక్కు కర్మాగారం యజమాని ఆండ్రూ కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉండగా కర్మాగారం ఫ్రిక్ చేతిలో ఉంది. యూనియన్‌ను విరగ్గొట్టాలని గేట్లు మూసి కార్మికులను బయట పెట్టాడు. జూలై 6 తెల్లవారుజామున పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా ఏజెన్సీ మనుషులు 300 మందిని తుపాకులతో బార్జీల మీద నదిలో పంపాడు. వాళ్ళు దిగబోయింది సరిగ్గా ఈ ఒడ్డునే. ఊరంతా, ఆడవాళ్ళతో సహా, నదికి పరిగెత్తుకొచ్చింది. రోజంతా కాల్పులు జరిగి చివరికి పింకర్టన్లు లొంగిపోయారు. ఆ రోజు గెలిచింది కార్మికులే. తర్వాత గవర్నర్ వేలమంది సైనికులను దింపాడు, యూనియన్ ఓడిపోయింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు అక్కడ యూనియన్ మళ్ళీ నిలదొక్కుకోలేదు.

పంప్ హౌస్ దగ్గర నిలబడితే నదికి అవతల కారీ బ్లాస్ట్ ఫర్నేసులు తుప్పుపట్టి కనిపిస్తాయి. కనెల్స్‌విల్ బట్టీల్లో కాల్చిన కోక్ ఇలాంటి ఫర్నేసుల నోట్లోకే వెళ్ళేది. కరిగిన ఇనుము వంతెన మీదుగా ఇటు హోమ్‌స్టెడ్‌కు వచ్చి ఉక్కయ్యేది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ దూలాలు ఇక్కడే తయారుచేశారు. 1986లో హోమ్‌స్టెడ్ కర్మాగారం మూతపడింది. ఇప్పుడక్కడ షాపింగ్ సెంటర్, దాని పక్కన వరసగా పన్నెండు పాత పొగగొట్టాలు మిగిలాయి. "దారి సమంగా గీసినవాళ్ళ గురించే ఇన్నాళ్ళూ ఆలోచించాను, దాని మీద ఏం మోశారో ఆలోచించలేదు" అన్నాడు మిత్రుడు.

పిట్స్‌బర్గ్‌లోకి వెళ్ళేది హాట్ మెటల్ బ్రిడ్జ్ మీదుగా. మరిగే ఇనుమును ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు దాటించిన రైలు వంతెన అది. 2007 నుంచి దానిమీద సైకిళ్ళు, పాదచారులు నడుస్తున్నారు. వంతెన దిగాక మిగిలిన మైళ్ళు నది గట్టు వెంట ఊళ్ళోంచే పోతాయి. మోనంగహేలా, అలెగెనీ కలిసి ఒహాయో అయ్యే పాయింట్ దగ్గర దారి ముగిసింది. మర్నాడు సైకిళ్ళను ఆమ్‌ట్రాక్ రైలెక్కించి కంబర్లాండ్ తిరిగొచ్చాం. ఆ రైలు నడిచేది, వయాడక్ట్ కింద మేము చూసిన ఆ పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో పట్టాల మీదే.