ఎఫ్-16లో ఆ రెండు ముళ్ళు

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

కంప్యూటర్‌లో నేను నడిపే సిమ్యులేటర్‌లో, చెక్‌లిస్ట్ ముందు పెట్టుకోకుండా ఎఫ్-16 యుద్ధ విమానాన్ని కోల్డ్ స్టార్ట్ చేయాలని, అంటే అన్నీ ఆఫ్‌లో ఉన్న స్థితి నుంచి ఇంజిన్ స్టార్ట్ చేయాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. ఈరోజు తీరిక దొరికింది. పావుగంటలో అయిపోవాల్సిన పని, సాయంత్రం దాకా పట్టింది.

మెయిన్ పవర్ స్విచ్ బ్యాటరీకి పెట్టి, పరీక్షలు ముగించి, మెయిన్ పవర్‌కి మార్చాను. జేఎఫ్‌ఎస్ స్విచ్ స్టార్ట్ 2కి నెట్టాను. జేఎఫ్‌ఎస్ అంటే జెట్ ఫ్యూయెల్ స్టార్టర్, అసలు ఇంజిన్‌ని తిప్పడానికి పెట్టిన చిన్న టర్బైన్. దాని కూత మొదలైంది, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ముల్లు కదిలింది. అంతలో తెర మీద, ఇంజిన్‌కి ఇంధనం పెంచి తగ్గించే థ్రాటిల్ దానంతటదే ముందుకీ వెనక్కీ వణకడం కనిపించింది. నా చెయ్యి బల్ల మీదున్న థ్రాటిల్ లివర్ మీద లేదు. థ్రాటిల్‌ని ఆఫ్ నుంచి ఐడిల్‌కి (ఇంజిన్ నెమ్మదిగా నడిచే స్థానానికి) తెచ్చి ఇంధనం ఇవ్వాల్సింది ఆర్‌పీఎం 20 శాతానికి చేరాక. అప్పటికి 10 కూడా రాలేదు. టెన్షన్‌లో జేఎఫ్‌ఎస్ ఆఫ్ చేసేశాను.

లివర్ సంగతి తొందరగానే తేలింది. లోపల లివర్ ఎంత జరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరి సిగ్నల్ ఎగిరెగిరి పడుతోంది. సిమ్యులేటర్‌లో నడుస్తున్న మిషన్‌ని అలాగే ఆపి ఉంచి, సెట్టింగ్స్‌లో కింది చివర కొంచెం డెడ్‌జోన్ (లివర్ కదిలినా లెక్కలోకి రాని మేర) ఇచ్చాను. ఆఫ్ నుంచి ఐడిల్‌కి మార్చే పనిని లివర్ నుంచి తీసేసి విడిగా ఒక బటన్‌కి పెట్టాను. వణుకు ఆగింది.

మళ్ళీ స్టార్ట్ 2. స్విచ్ టిక్కుమంది. కూత లేదు, ముల్లు కదల్లేదు.

అక్కడి నుంచి దాదాపు రెండు గంటలు ఆ బటన్ల చుట్టూనే తిరిగాను. ఇప్పుడే సెట్టింగ్స్ మార్చాను కాబట్టి తప్పు అక్కడే ఉంటుందని గట్టిగా అనిపించింది. బటన్లన్నీ తీసేసి మళ్ళీ పెట్టాను, యూఎస్‌బీ వైరు ఇంకో పోర్టుకి మార్చాను, మౌస్‌తో స్విచ్‌నే నేరుగా నొక్కి చూశాను. మౌస్‌తో నొక్కినా స్టార్ట్ కానప్పుడు తప్పు నా బల్ల మీద లేదని అర్థం కావాలి. ఆ క్షణంలో తట్టలేదు.

చివరికి నాతో కలిసి ఎగిరే మిత్రుడికి ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు.

"ఇందాక ఆఫ్ చేసినప్పుడు ఆర్‌పీఎం ఎంతుందిరా?"

"పది లోపే."

"మరింకేం, రెండు అక్యుమ్యులేటర్లూ ఖాళీ చేసేశావు."

ఈ విమానంలో నాకు బాగా నచ్చేది ఇదే. జేఎఫ్‌ఎస్ బ్యాటరీ బలంతో తిరగడం మొదలుపెట్టదు. దాన్ని కదిలించేది హైడ్రాలిక్ ఒత్తిడి. ఆ ఒత్తిడిని దాచి ఉంచేవే అక్యుమ్యులేటర్లు, రెండుంటాయి. ఒక్కోదాంట్లో ఒకవైపు నైట్రోజన్, ఇంకోవైపు హైడ్రాలిక్ ద్రవం, నొక్కిపెట్టిన స్ప్రింగులా. స్టార్ట్ 1 అంటే ఒక అక్యుమ్యులేటర్ వదులుతుంది, స్టార్ట్ 2 అంటే రెండూ. ఆ ఒత్తిడి జేఎఫ్‌ఎస్‌ని కదిలిస్తుంది, జేఎఫ్‌ఎస్ గేర్‌బాక్స్ ద్వారా ఇంజిన్‌ని తిప్పుతుంది, తిరిగే ఇంజిన్ హైడ్రాలిక్ పంపులని నడుపుతుంది, విమానంలో ఉన్న ఎ, బి అనే రెండు హైడ్రాలిక్ సిస్టమ్‌లలో బి సిస్టమ్ ఒత్తిడి వచ్చి అక్యుమ్యులేటర్లని మళ్ళీ నింపుతుంది. అప్పిచ్చి తిరిగి వసూలు చేసుకున్నట్టు. నేను అప్పు ఇప్పించి, వసూలయ్యే లోపే తలుపు మూసేశాను. నిజమైన విమానమైతే కింద గ్రౌండ్ సిబ్బంది హ్యాండ్ పంపు కొట్టి నింపాల్సి వచ్చేది.

ఇన్నాళ్ళూ ఇంజిన్ స్టార్ట్ ఒక పాఠం, హైడ్రాలిక్స్ ఇంకో పాఠం అనుకుని చదివాను. కుడివైపు ప్యానెల్లో ఆ రెండు సిస్టమ్‌ల ఒత్తిడి చూపే ఎ, బి అని రెండు గేజులున్నాయి. వాటి వైపు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

మిషన్ మొదటి నుంచి తెరిచాను. ఈసారి కళ్ళు ఆ రెండు గేజుల మీదే. స్టార్ట్ 2 కొట్టగానే కూత, కాసేపటికి జేఎఫ్‌ఎస్ రన్ దీపం. ఆర్‌పీఎం 20 దాటాక బటన్ నొక్కాను. మంట అందుకుంది. రెండు ముళ్ళూ సున్నా నుంచి లేచాయి, సమానంగా కాదు, ఒకటి కొంచెం వెనకబడింది. తర్వాత రెండూ 3000 పీఎస్‌ఐ దగ్గర కుదురుకున్నాయి. ఆర్‌పీఎం 55 శాతం దగ్గర జేఎఫ్‌ఎస్ స్విచ్ తనంతట తానే ఆఫ్‌కి పడింది. బయటి కెమెరాలో చూస్తూ స్టిక్ కదిపితే వెనక రెక్కలు వెంటనే కదిలాయి. ఫ్లై-బై-వైర్ విమానంలో స్టిక్ పంపేది సిగ్నలే, ఆ రెక్కని తోసేది మాత్రం ఈ ద్రవమే.

హైడ్రాలిక్, ఆయిల్ ప్రెషర్ రెండిటికీ కలిపి హెచ్చరిక దీపం ఒక్కటే ఉంటుంది. అది వెలిగితే దేని గురించో చెప్పదు. పైగా హైడ్రాలిక్ ఒత్తిడి 1000కి పడిపోయేదాకా వెలగదు. గేజులు చూడక తప్పదని ఇప్పుడు తెలిసింది.

రాత్రి ఇంకోసారి కూర్చున్నాను. గాల్లో ఉండగా బి సిస్టమ్ పోయేలా ఫెయిల్యూర్ పెట్టుకుని ఎగిరాను. బి ముల్లు మెల్లగా కిందికి జారుతుంటే గుండె కొట్టుకోవడం నిజంగానే వినపడింది. ఎ ఒక్కటే ఉన్నా విమానం చెప్పినట్టు వింటుంది, గాల్లో వేగం తగ్గించే స్పీడ్‌బ్రేకులూ ఎ మీదే. గన్ పోతుంది, మామూలుగా గేర్ (చక్రాలు) దిగదు. ప్రత్యామ్నాయ గేర్ హ్యాండిల్ లాగితే నిల్వ ఉన్న గాలి ఒత్తిడితో దిగింది, మూడు పచ్చ దీపాలూ వచ్చాయి. నేల మీద ముక్కు చక్రం తిప్పే వీలు ఉండదు. బ్రేకులు పనిచేసేది పొద్దున్న నేను ఖాళీ చేసిన ఆ అక్యుమ్యులేటర్లతోనే, అదీ కొద్దిసేపే. స్టార్ట్‌కీ బ్రేకులకీ ఉన్నది ఆ ఒక్క నిల్వే అని అప్పటిదాకా నా తలకి ఎక్కలేదు.

అందుకే పదే పదే తొక్కలేదు. ముక్కుని వీలైనంతసేపు పైకే పట్టి వేగం తగ్గనిచ్చాను, తర్వాత ఒక్కసారి తొక్కి కాలు తీయకుండా అలాగే ఉంచాను. రన్‌వే మధ్యగీతకి కాస్త ఎడమగా ఆగింది. పక్కకి తిప్పి తీసుకెళ్ళే దారి లేదు కాబట్టి అక్కడే థ్రాటిల్ ఆఫ్ చేశాను. ఇంజిన్ చప్పుడు తగ్గుతుంటే ఎ ముల్లు కూడా నెమ్మదిగా దిగి, సున్నాలో ఉన్న బి ముల్లు పక్కకి చేరింది. అంతవరకూ చూసి కంప్యూటర్ ఆపాను.