మన బడి ఉన్న జాగా

మన బడి ఉన్న జాగాలో ఇప్పుడు అయిదంతస్తుల పార్కింగ్ ఉంది. హైదరాబాద్‌లో కోఠి వైపు వెళ్లేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు వ్యాసం అడిగినప్పుడు మన బ్యాచ్ వాళ్లలో చాలామంది సార్ల గురించి, టీచర్ల గురించి రాస్తామన్నారు. రాయాల్సిందే. నేను మాత్రం ఆ కట్టడం గురించి రాస్తాను. సార్ల ఫొటోలు ఉన్నాయి, మన ప్రోగ్రెస్ రిపోర్టుల మీద వాళ్ల సంతకాలు ఉన్నాయి, వాళ్ల పిల్లలు, మనవలు ఉన్నారు. కట్టడానికి అవేవీ లేవు. దాని నక్షా కూడా ఎక్కడా దొరకలేదు. నేను సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ లోటు నన్ను ఇంకాస్త ఎక్కువ బాధిస్తుంది.

గుర్తున్నంతలో చెబుతాను. గల్లీలోకి ఉన్న పెద్ద దర్వాజా ప్రార్థన గంట కొట్టగానే మూసేసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు అందులోని దిడ్డి తలుపు గుండా తల వంచి లోపలికి రావాలి. దర్వాజా పైన నల్లరాతి పలక, దాని మీద ఉర్దూలో రెండు వరుసలు, కింద హిజ్రీ సంవత్సరం. ఒక నవాబుగారి దేవిడీ, అంటే పెద్ద భవంతి అది. బడికి అద్దెకిచ్చారని పెద్దవాళ్లు చెప్పేవారు. లోపల వాకిలి మధ్యలో నీళ్లు లేని హౌజు, అంటే నీటి తొట్టి. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని దాని గట్టు మీదే కూర్చునేవాళ్లం. మూడు వైపులా దాలాన్లు, అంటే వరండాలు, వాటికి కమాన్లు. కమాన్ల మీద సున్నంతో పోసిన తీగలు, ఆకులు. చేతికందే ఎత్తు వరకు ఆకుల మొనలన్నీ అరిగిపోయి ఉండేవి. ఎన్ని బ్యాచుల పిల్లలు తడిమారో మరి.

ఏడు-బి గది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. నిలువు ఇరవై నాలుగు అడుగులు, అడ్డం ఇరవై. డ్రాయింగ్ సార్ మాతో టేపు పట్టించి కొలిపించారు కాబట్టి ఆ లెక్క మరిచిపోలేదు. గోడ మందం రెండున్నర అడుగులు. కిటికీ గూట్లో ఇద్దరం ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చోగలిగేవాళ్లం. కింద షాబాద్ బండలు, పైన ఇనుప గర్డర్లు, గర్డర్ల మధ్య ఇటుకలతో కట్టిన చిన్న చిన్న కమాన్లు. కప్పుకు జానెడు కింద గాలి, వెలుతురు వచ్చే రోషన్‌దాన్లు. ఒకదానికి ఆకుపచ్చ గాజు, ఒకదానికి ఎర్ర గాజు. మార్చి నెలలో పరీక్షలు రాస్తున్నప్పుడు బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో చెమట పట్టేది కాదు. ఇందులో మాయ ఏమీ లేదు. అంత మందం రాతి గోడ పగలంతా వేడిని తనలో ఉంచుకుని, రాత్రికి నెమ్మదిగా వదులుతుంది. పైకి చేరిన వేడిగాలి రోషన్‌దాన్ల గుండా బయటికి పోతుంది. ఫ్యాన్లు ఆఫీసు గదిలో తప్ప ఎక్కడా లేవు, ఎవరూ అడగనూ లేదు.

వానలకు ముందు, బడి మొదలైన కొత్తలో, మిద్దె పని జరిగేది. ముసలి మేస్త్రీ ఒకాయన నలుగురైదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. వాకిట్లో తొట్టిలో కరక్కాయలు, బెల్లం నానేసేవాడు. ఆ నీళ్లతో డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం, కలిపి పైకి మోసేవారు. తర్వాత ఆడవాళ్లు మిద్దె మీద వరుసగా కూర్చుని, చిన్న చెక్కబద్దలతో సున్నం గట్టిపడేదాకా రోజుల తరబడి కొట్టేవారు. పాట పాడుతూ, పాటకు తగ్గట్టు దెబ్బ వేస్తూ. ఆ చప్పుడు సరిగ్గా ఏడు-బి మీదే పడేది. లెక్కల సార్ కాసేపు చూసి, గొంతు పెంచి, చివరికి పుస్తకం మూసి మమ్మల్ని వేప చెట్టు కిందికి తీసుకెళ్లేవారు. ఒకసారి డ్రాయింగ్ సార్ ఆ మేస్త్రీని, ఇంత కష్టమెందుకు, సిమెంటు పూస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా అని అడిగారు. "సిమెంటు పూస్తె గోడకు ఊపిరాడదు సారూ. సున్నమైతె నీళ్లు తాగుతది, మల్ల ఇడుస్తది," అన్నాడు ఆయన. ఇంజనీరింగ్ చదివాక, ఉద్యోగంలో పాత కట్టడాలు చూశాక, ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదని తెలిసింది. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పొర వేస్తే లోపలి తేమ బయటికి రాలేక సున్నాన్నే తినేస్తుంది. పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల పొడి అవుతుంది.

మన కట్టడానికి జరిగింది అదే. మేస్త్రీ పోయాక ఆ పని తెలిసినవాళ్లను వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ సిమెంటు పెట్టారు. మిద్దె మీద నీళ్లు పోయే తూములు ఆకులతో పూడిపోయినా తీసేవాళ్లు లేరు. పడమటి గోడలో రావి మొక్క లేచింది. మొదట్లో పీకేస్తే వేలెడంత మొక్క. బడి శివార్లలోని కొత్త భవనానికి వెళ్లిపోయాక అది చేయి లావైంది. చివరికి "శిథిలావస్థ, ప్రమాదకరం" అని ఒక కాగితం వచ్చింది. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. వయసు వల్ల ఆ కట్టడం కూలే స్థితికి రాలేదు. తూములు తీయించి, మొక్క పీకించి, సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నం వేయిస్తే ఇంకో వందేళ్లు నిలిచేది. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు, వృత్తి తెలిసి అంటున్న మాట.

కరోనా తర్వాత ఒక ఎండాకాలంలో కూల్చారు. నేను వెళ్లేసరికి దాలాన్లు పోయాయి, ఏడు-బి ఇంకా సగం ఉంది. టేకు తలుపులు, గర్డర్లు పాత సామాను కొనే వ్యాపారుల లారీల్లోకి ఎక్కుతున్నాయి. గోడను జేసీబీ ఒక్క దెబ్బకు పడగొట్టలేకపోయింది. డ్రైవరు బండి వెనక్కి తీసుకుని మళ్లీ మళ్లీ కొట్టాడు. ప్రమాదకరమని రాసిన గోడ అది.

అడ్డుకోవడానికి దారి లేదా అని చాలామంది అడిగారు. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల రక్షణకు 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధన ఒకటి ఉండేది. దాని కింద ఒక జాబితా ఉండేది. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మన దేవిడీ పాత జాబితాలో లేదు, కొత్తదాంట్లోనూ ఎక్కలేదు. ఎక్కించమని అర్జీ పెట్టాల్సింది ఎవరు? ఆ దాలాన్లలో చదువుకున్నవాళ్లం ఇన్ని వేలమంది ఉన్నాం. పేరున్న కట్టడాలకూ భరోసా లేదన్న మాటా నిజమే. సైఫాబాద్ ప్యాలెస్‌లో మిగిలిన జి బ్లాకు 2020లో సచివాలయంతో పాటే నేలమట్టమైంది. కానీ పాత ప్యాలెస్ ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని 2019లో నిర్ణయించినప్పుడు కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్లారు. అదే ఏడు సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇర్రం మంజిల్ ఇవాళ ఉందంటే వాళ్లు వెళ్లబట్టే.

ఇక పార్కింగ్ సంగతి. కోఠిలో బండి పెట్టడానికి చోటు దొరకదని నాకూ తెలుసు. ట్రూప్ బజార్‌లో ఒక కుళాయి కొందామన్నా బండి ఎక్కడ పెట్టాలన్న టెన్షనే ముందు. పార్కింగ్ వద్దని నేననను. ఎక్కడ అన్నదే ప్రశ్న. ఒక కారు నిలపడానికి, అది తిరగడానికి, ఎక్కి దిగడానికి కలిపి కప్పు కింద 28 చదరపు మీటర్లు లెక్కగడతారు, సెల్లారులో అయితే 32. మన ఏడు-బి సుమారు 45 చదరపు మీటర్లు. అంటే ఆ గదిలో పట్టేది ఒకటిన్నర కారు. అదే గదిలో ఏటా యాభై మందికి పైగా పిల్లలు కూర్చుని చదువుకున్నారు. ఈ లెక్క వేసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పోనీ ఆ పార్కింగ్ వల్ల గల్లీ ఖాళీ అయిందా? సాయంత్రం పూట వెళ్లి చూశాను. కింది రెండంతస్తులు నిండి ఉన్నాయి, పైవి సగం ఖాళీ. బయట రోడ్డు మీద మాత్రం స్కూటర్లు ఎప్పటిలాగే రెండు వరుసలు. సుల్తాన్ బజార్‌కు గాజులకో చీర ఫాల్‌కో వచ్చేవాళ్లు స్కూటరు మీద వస్తారు, పది నిమిషాల పనికి ర్యాంపు ఎక్కరు. పైగా ఇప్పుడు ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర ఒక మెట్రో స్టేషన్, సుల్తాన్ బజార్‌లో ఇంకొకటి ఉన్నాయి, రెండోది 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. రెండూ నడిచి వెళ్లే దూరం. నాంపల్లిలో స్టేషన్ పక్కన, మెట్రో వాళ్ల చేతిలో ఉన్న సుమారు అరెకరం జాగాలో, యంత్రాలతో కార్లను పైకి ఎక్కించే పార్కింగ్ కట్టారు. అలాంటి జాగాలు వెతకడం కష్టమైన పనే, కాదనను. దేవిడీ కూల్చడం కన్నా కష్టమా?

పాత కట్టడాన్ని ఉంచితే ఏమవుతుందో చూడాలంటే కోఠి దాటి పోనక్కర్లేదు. మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టింది. మన చిన్నప్పుడే నల్లబారి, రేకులూ తడికెలూ అతుక్కుని, మధ్య వాకిలి నిండా బండ్లు నిలిపి ఉండేది. దాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఆ వాకిట్లో జనం పిల్లలతో వచ్చి ఐస్‌క్రీం తింటూ కూర్చుంటున్నారు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన ఆడపిల్లల కాలేజీలోని పాత రెసిడెన్సీ అయితే పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించింది. ఒకప్పుడు పైకప్పు ఎప్పుడు పడుతుందోనని గదులకు తాళాలు వేశారు. ఏళ్ల తరబడి ఓపికగా మరమ్మతు చేశాక 2023లో దర్బారు హాలు చూడడానికి జనాన్ని రానిచ్చారు. మొన్న మా మనవరాలిని తీసుకెళ్లి చూపించాను. మన దేవిడీ వీటి ముందు చాలా చిన్నది, నిజమే. ఊరు నిండా ఉండేవి అలాంటి చిన్నవే కదా!

మన తెలుగు సార్ ఆ పేటనంతా ఇలాగే తిప్పి చూపించారు. సుల్తాన్ బజార్ ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అని, 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చాక పేరు మారిందని ఆ దారిలో నడుస్తూనే చెప్పారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మెట్ల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, 1901లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు కలిసి దాన్ని ఎలా మొదలుపెట్టారో చెప్పారు. నిజాం రాజ్యంలో తెలుగు చదవాలనుకునేవాళ్లకు ఆ గడప ఎంత ఆసరా అయిందో అక్కడే కూర్చుని విన్నాం కాబట్టి తలకెక్కింది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు బేరమాడడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. శివార్లలోని కొత్త బడి బాగుంది. గదుల్లో వెలుతురు ఉంది, ఆట స్థలం ఉంది. ఆ పిల్లలకు ఇలా నడిచి వెళ్లే దూరంలో ఏముందో మాత్రం నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. జ్ఞాపకం మీద ఆధారపడి దేవిడీ నక్షా గీస్తున్నాను. కింది అంతస్తు దాదాపు పూర్తయింది. మేడ మీద ప్రైమరీ తరగతులుండే జనానా (ఆడవాళ్ల గదులు) వైపు నాకు సరిగా గుర్తు లేదు, మెట్లు ఎన్ని మలుపులు తిరిగేవో కూడా తేలడం లేదు. మీ దగ్గరున్న గ్రూప్ ఫొటోలన్నీ ఒకసారి తీయండి. అందులో మనల్ని కాకుండా మన వెనకున్న గోడను చూడండి. కమాన్లు ఎన్ని కనిపిస్తున్నాయి, కిటికీ పక్కన స్తంభం ఉందా, రోషన్‌దాన్లు ఏ వరుసలో ఉన్నాయి. ముఖ్యంగా దర్వాజా ముందు తీసుకున్న ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే నల్లరాతి పలక కనిపిస్తుందేమో చూడండి. ఉర్దూ సార్ దాన్ని మాకు చదివి చెప్పారు, కానీ ఆ సంవత్సరం నాకు గుర్తు రావడం లేదు, అడిగినవాళ్లెవరూ చెప్పలేకపోయారు. పలక ఏ లారీలో వెళ్లిందో కూడా వెతుకుతున్నాను. ఫొటోలను ఫోనుతో తీసి పంపితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, వీలైతే స్కాన్ చేయించి పంపండి. లేదంటే సమ్మేళనానికి అసలు ఫొటోలే పట్టుకురండి, స్కానరు నేను తెస్తాను. నక్షా పూర్తయ్యాక ఒక ప్రతి భాషా నిలయానికి, ఒకటి కొత్త బడి లైబ్రరీకి ఇద్దామని నా ఆలోచన.