మొక్కజొన్న రేటు, మా ఇంటి తగువు

కోడికూర కిలో ఎంతో గుంటూరులో ఎవర్నడిగినా చెప్తారు. మా ఇంట్లో గొడవంతా ఆ కోడి తినే మొక్కజొన్న రేటు మీద. నాన్నకి తెనాలి దగ్గర మాగాణి ఉంది. వరి కోశాక దుక్కి దున్నకుండానే మొక్కజొన్న పెడతాడు. అక్కని నూజివీడు వైపు ఇచ్చాం, బావది గుడ్ల కోళ్ల ఫారం. క్వింటాకి వంద పెరిగిందంటే నాన్న మీసం మెలేస్తాడు, ఆ సాయంత్రమే బావ ఫోను.

నేను ఇద్దరి లెక్కలూ రాసేవాణ్ణి కాబట్టి ఎవరి వైపూ మాట్లాడలేను. గుడ్లు పెట్టే కోడి రోజుకి దాదాపు 110 గ్రాముల మేత తింటుంది. బావ దగ్గర 20,000 కోళ్లు, అంటే రోజుకి 22 క్వింటాళ్లు. అందులో సగం మొక్కజొన్నే, మిగతాది సోయా చెక్క, తవుడు, రాతి పొడి వగైరా. నాన్న ఎకరంలో 40 క్వింటాళ్లు పండించినా బావ కోళ్లకి నాలుగు రోజులు రావు! కిలో రూపాయి పెరిగితే బావకి రోజుకి 1,100 అదనపు ఖర్చు, గుడ్డు మీద ఆరు పైసలు. ఆరు పైసలేగా అనుకుంటాం. కానీ ఆ ఆరు పైసలు గుడ్డు ధరలో కలుపుకునే వీలు బావకి లేదు. కోళ్ల రైతుల సంఘం నెక్ (NECC) ప్రకటించే రేటు చూసి అమ్ముకోవాల్సిందే. రేటు పడిందని కోడి మేత మానదు కదా.

అలాగని నాన్నదీ తప్పు కాదు. మా వైపు వరి తర్వాత ఒకప్పుడు మినుమే వేసేవాళ్లు. పల్లాకు తెగులు, బంగారు తీగ అనే కలుపు కలిసి దాన్ని తినేశాక చాలామంది మొక్కజొన్నకి మళ్లారు. మనమేమైనా పూటపూటా మొక్కజొన్న రొట్టెలు తింటామా? కోళ్ల ఫారాలున్నాయి కాబట్టే ఆ గింజలకి గిరాకీ. ఇప్పుడు పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ చేసేవాళ్లూ వచ్చారు. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ చేయడం మీద కేంద్రం ఆంక్షలు పెట్టాక వాళ్ల చూపు మొక్కజొన్న మీద పడింది. నాన్నకి అది సంబరం. “మావయ్య గారూ, కార్లకి పోస్తే మా కోళ్లేం తినాలండీ?” అంటాడు బావ. “మీరూ రేటు పెంచి కొనండి అల్లుడు గారూ” అని నాన్న.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్క మాట మీదున్నారు. బావ ఫారానికి ఏం కాలేదు, అయినా బయటివాళ్లని గేటు దాటనివ్వలేదు, అక్కని చూడ్డానికి నన్ను కూడా. ఇక్కడ నాన్న కండెలింకా చేలోనే ఉన్నాయి. కోళ్లే పోతే గింజలు ఎవడు కొంటాడని ఆయన బెంగ. బాగా ఉడికిస్తే వైరస్ చచ్చిపోతుందని టీవీలో ఎంత చెప్పినా మా వీధిలో ఆదివారం కూడా చికెన్ కొట్టు ఖాళీయే. వార్తలన్నీ చికెన్ రేటు చుట్టూనే తిరిగాయి, మొక్కజొన్న రైతు ఊసెత్తినవాళ్లు నాకు కనిపించలేదు.

వచ్చే రబీకి ఒక ఎకరంలో మళ్లీ మినుము వేసి చూస్తానంటున్నాడు నాన్న. ఆ మాట విని బావ మర్నాడే తెనాలి వచ్చాడు, మినుము వద్దని చెప్పడానికి.