ఎర కలిపే ముందు కన్నాలు లెక్కపెట్టండి

వరి పొలం గట్టు మీద నలభై కన్నాలు కనిపిస్తే నలభై ఎలుకలున్నట్టు కాదు. ఒక్కో ఎలుక నాలుగైదు దారులు తవ్వుకుంటుంది, కొన్ని ఎప్పుడో వదిలేసినవీ ఉంటాయి. మొదటి రోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు పొద్దున తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు. వాటి పక్కన పుల్ల గుచ్చండి, ఎర అక్కడే పెట్టాలి. పందికొక్కు మాత్రం లోపలి నుంచి తానే మట్టితో నోరు మూసుకుంటుంది. కాబట్టి కన్నం దగ్గర కొత్తగా తోసిన పొడిమట్టి కుప్ప కనిపిస్తే అదీ లెక్కలోదే.

ఎక్కువమంది దెబ్బతినేది జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు దగ్గర. కొత్త తిండిని ఎలుక నమ్మదు, ముందు కొద్దిగా కొరికి చూస్తుంది. ఈ మందు గంటల్లోనే పని మొదలుపెడుతుంది. చాలినంత తినకముందే కడుపులో బాధ పుడితే, బతికిన ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందుకే ముందు విషం లేని ఎర అలవాటు చేయాలి: 980 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె పట్టించి కన్నానికి 20 గ్రాములు. రెండు రోజులు ఆగి అసలు ఎర: నూకలు 960 గ్రాములు, నూనె 20, మందు 20. దీన్ని 10 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి, కర్రతో కన్నం లోపలికి తోయాలి. అలవాటు ఎర వేయకుండా నేరుగా విషం పెట్టడం మందును పారబోసుకోవడమే. ఒక పంటకాలంలో ఒక్కసారికి మించి దీన్ని వాడొద్దు.

ఆ తర్వాత మళ్లీ కన్నాలు మూసి, తెరుచుకున్నవాటిలో బ్రోమాడయోలోన్ అనే రెండో మందు వేయండి. 0.25 శాతం పొడిని కూడా అదే పాళ్లలో, అంటే 960, 20, 20 గ్రాములుగా కలిపితే ఎరలో మందు 0.005 శాతం అవుతుంది. కన్నానికి 15 గ్రాములు చాలు, కిలో ఎర 66 కన్నాలకు వస్తుంది. ఇది రక్తం గడ్డకట్టనివ్వదు. ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి తిన్న తిండి మీద అనుమానం రాదు, దీనికి అలవాటు ఎర అక్కర్లేదు. రెండు మూడు రోజులకే చావలేదని ఇంకో మందు తెచ్చి కలపకండి.

నాటిన దగ్గర నుంచి పిలకలు వేసే దశలోపే ఇదంతా అయిపోవాలి. పొట్టకొచ్చాక పొలంలోనే కమ్మటి తిండి దొరుకుతుంది, ఇక నూకల వైపు ఎలుక ఎందుకు చూస్తుంది? అప్పటికి పిల్లలూ పెరిగి ఉంటాయి. ఆ దశలో కన్నాల్లోకి గడ్డి పొగ కొట్టడమే మేలు. మిగతా దారులన్నీ మూసి, రెండు మూడు నిమిషాలు పొగ పట్టి, నోటిని తడిమట్టితో బిగించాలి. నేల బీటలు వారి ఉంటే పొగ జారిపోతుంది. తడి మీద చేసిన పనికే ఫలితం.

వెడల్పాటి గట్లు ఎలుకలకు ఇళ్లే. గట్టును నడవడానికి సరిపడా సన్నగా చెక్కి, కలుపు లేకుండా ఉంచండి. పక్క పొలంవాళ్లు కూడా అదే రోజుల్లో ఎర పెట్టకపోతే ఖాళీ అయిన కన్నాల్లోకి వాళ్ల ఎలుకలే వచ్చి చేరతాయి.

చేతులకు తొడుగులు తప్పనిసరి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 ఉంది, కానీ దాన్ని డాక్టరే ఇవ్వాలి. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పూడ్చండి, లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబలూ పోతాయి. రాత్రిపూట మన పొలంలో ఎలుకలను పట్టేవి అవే.